పది నిమిషాలు

రాత్రి తొమ్మిదిన్నర. కీలుంగ్ రేవులో వాన.
ఇక్కడ వాన కురిస్తే వార్త కాదు, ఆగితే వార్త.

ఫ్రిజ్ తలుపులో, సోయా సాస్ పక్కన
నా చిటికెన వేలంత మందు సీసా.
కంటికో చుక్క.
"చల్లగా ఉంది నాన్నా" అంటుంది ఛింగ్-యూ
ప్రతి రాత్రీ ఇదే మొదటిసారైనట్టు.
ముక్కు పక్కన కంటి మూలని వేలితో అదిమి పడతాను,
మందు గొంతులోకి జారకుండా.

ఆపైన పది నిమిషాలు ఆగాలి.
అప్పుడే రాత్రి లెన్సులు.
తొందరపడితే చుక్క నిలవదని
డాక్టర్ షియావ్ మూడుసార్లు చెప్పి
నాలుగోసారి నాచేత చెప్పించాడు.

నేను క్రేను నడుపుతాను.
నలభై మీటర్ల ఎత్తున గాజు గదిలో వంగి
నా పాదాల సందులోంచి
కింద కంటైనర్ మీది నంబరు చదువుతాను.
చూపు అమ్మి బియ్యం కొనేవాణ్ణి.
నా కూతురికి ఏడేళ్లకే
వీధి అవతలి టీ కొట్టు బోర్డు ఆనలేదు.
దూరపు కొండలు నునుపంటారు.
దానికి దగ్గరి కొండలూ నునుపే.

మొదట కళ్లద్దాలు. ఆరు నెలలకి ఇంకాస్త మందం. మళ్లీ ఇంకాస్త.
తర్వాత ఏడాదిపాటు చుక్కల మందు ఒక్కటే.
యంత్రం ముందు గడ్డం ఆనిస్తే
కంటిగుడ్డు పొడవు కొలిచి చెప్తుంది:
ఇరవై నాలుగు పాయింటు మూడు ఒకటి.
వంటగది గోడ మీద దాని ఎత్తుకి
పెన్సిలు గీతలు గీసి మురిసే మాకు
ఈ ఒక్క ఎదుగుదల దగ్గర
ఊపిరాడలేదు.

"ఒక తాడు చాలకపోతే రెండోది కడదాం" అన్నాను.
నాకు తెలిసిన భాష అది.
గాలి ముదిరిన రోజు ఓడకి ఇంకో తాడు వేస్తాం.
అయినా ఓడ కదుల్తుంది,
కొట్టుకుపోదు, అంతే.
డాక్టరు నవ్వలేదు.
"రెండూ కలిపితే కొందరికి ఇంకాస్త నెమ్మదిస్తుంది.
మీ అమ్మాయి ఆ కొందరిలో ఉందో లేదో
ఏడాది ఆగితే గానీ చెప్పలేను" అన్నాడు.
ఆ చెప్పలేను అన్న మాటకే ఆయన్ని నమ్మాను.

పెయ్-రోంగ్ కొత్త స్కూటరు కోసం దాచిన డబ్బు
రెండు చిన్న గాజు పొలుసులై
నీలం డబ్బాలో తేలుతోంది.

చీటీ చివర ఇంకో మందు రాసి ఉంది:
రోజూ రెండు గంటలు ఆరుబయట.
కీలుంగ్‌లో!
మెట్లు దిగుతూ మేమిద్దరం పడీపడీ నవ్వాం.
మబ్బు పట్టిన ఆకాశం కూడా
ట్యూబులైటు కన్నా ఎన్నో రెట్లు వెలుగట.
ఇప్పుడు పసుపు రెయిన్ కోట్లో
చేపల వేలం చుట్టూ తిరుగుతుంది.
లెక్కల పుస్తకం ఇంట్లో అలిగి కూర్చుంటుంది.

మొన్న కొలిచారు. పదకొండు నెలలకి
కుడి కన్ను సున్నా పాయింటు సున్నా తొమ్మిది.
ఎడమది సున్నా పాయింటు ఒకటి నాలుగు, అది మొండిది.
ఆగలేదు. నెమ్మదించింది.
పెయ్-రోంగ్ ఆ అంకెల్ని కాలెండర్ మీద రాసి
కింద ఏమీ రాయలేదు.

ఈ పది నిమిషాలూ అది కళ్లు మూసుకుని
"ఈ రోజు ఏం దింపావు" అని అడుగుతుంది.
తుప్పు పట్టిన ఆకుపచ్చ పెట్టె, అంటాను.
ఒకదాని మీద ఎవరో సుద్దతో పిల్లి బొమ్మ వేశారు.
"మీసాలు ఉన్నాయా?"
ఉన్నాయి. ఒక పక్కనే.
"నీ కన్ను ఎంత పొడవు నాన్నా?"
తెలీదమ్మా. నాది ఎవరూ కొలవలేదు.

తొమ్మిదో నిమిషం.
కిటికీ మీద చప్పుడు ఆగిందని
నాకంటే ముందు దానికే తెలిసింది.
"నాన్నా, చుక్క."
మందు చెంప మీదికి కారిందనుకుని
కాగితం రుమాలు అందుకున్నాను.
అది నా చెయ్యి తోసేసి
ఒంటికన్ను తెరిచి
కిటికీ వైపు, క్రేనుల పైకి, వేలు చూపిస్తోంది.

కన్ను మూసుకో, అన్నాను,
ఇంకా నిమిషం ఉంది.